పదికి తొమ్మిది వేసిన చెయ్యి: ఒక పాల సంఘం మేనేజర్ కేసు

పాల సహకార సంఘాలకూ రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకూ మనుషుల ఎంపికలో, శిక్షణలో సాయం చేయడం నా వృత్తి. చేసిన పనులన్నిటినీ రాసిపెట్టుకునే అలవాటు లేదు. దీన్ని రాస్తున్నది ఇందులో మొదటి తప్పు నాది కాబట్టి. జిల్లా పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. గ్రామాల సంఖ్య, పాల లెక్కలు కొంచెం అటూ ఇటూ మార్చాను. సంఘటనల వరస మాత్రం జరిగినట్టే ఉంచాను.

సంఘం, దాని పని

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన మహిళా పాడి రైతుల సంఘం అది. 60 దాకా గ్రామాలు, 5 బల్క్ కూలర్లు (ఊళ్ల పాలను ఒకచోట పోసి చల్లబరిచే పెద్ద ట్యాంకులు), ఒక ప్రధాన శీతలీకరణ కేంద్రం. చలికాలంలో రోజుకు 12,000 లీటర్లు వస్తే ఎండాకాలంలో 8,000కు పడిపోతుంది. పాలకవర్గంలో 12 మంది, అందరూ స్వయంగా పాలు పోసేవాళ్లే.

డెయిరీ అనగానే బయటివాళ్లకు యంత్రాలు, ట్యాంకర్లు గుర్తొస్తాయి. దగ్గరి నుంచి చూస్తే అది గడియారంతో పందెం. పితికినప్పుడు పశువు ఒంటి వేడితో ఉన్న పాలను 4 డిగ్రీలకు దింపాలి. ఆలస్యమైనకొద్దీ సూక్ష్మజీవులకు పండగ. కరెంటు పోయినా, జనరేటర్‌లో డీజిల్ అయిపోయినా, క్యాన్ల ఆటో దారిలో ఆగినా ఆ సంగతి ఎవరో ఒకరు వెంటనే మరొకరికి చెప్పాలి. చెప్పకపోతే ఒక కూలర్‌లో పాడైన పాలు ట్యాంకర్‌లో కలిసి, మిగతా ఊళ్ల మంచి పాలను కూడా తమతో పాటు తీసుకుపోతాయి.

సంఘం పుట్టినప్పటి నుంచి ఉన్న మేనేజర్ పదవీ విరమణ చేశారు. ఆయన ఎలాంటి మనిషి అని సిబ్బందిని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా పెద్దగా మాటలు లేవు. "ఉండేవారు సార్" అన్నాడు ఒక ఆపరేటర్. అది పొగడ్తో కాదో నాకు అప్పుడు తెలియలేదు. ఆయన స్థానంలోకి కొత్త మనిషిని ఎంపిక చేయడానికి పాలకవర్గం నన్ను పిలిచింది.

నా ఫారం

నా దగ్గర ఒక ఫారం ఉండేది. 10 లక్షణాలు, ఒక్కోదానికి 10 మార్కులు: ఆత్మవిశ్వాసం, మాటతీరు, నిర్ణయశక్తి, చొరవ, చురుకుదనం, ఇలా. ఎన్నో ఎంపికల్లో వాడి అరగదీసిన ఫారం. చివరి దశకు ముగ్గురు వచ్చారు. అందులో ఒకరు ప్రైవేటు కంపెనీ అమ్మకాల విభాగం నుంచి వచ్చిన 38 ఏళ్ల మనిషి. ఇంకొకరు ఆ సంఘంలోనే 11 ఏళ్లుగా నాణ్యత పర్యవేక్షకురాలిగా ఉన్న ఆవిడ. మూడో వ్యక్తి సంగతి ఈ కథకు అక్కరలేదు.

ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాం: "పాల సేకరణ హఠాత్తుగా తగ్గితే ఏమి చేస్తారు?" ఆయన ఊపిరి తీసుకునేలోపు మూడంచెల ప్రణాళిక చెప్పారు. ఆవిడ కొంచెంసేపు ఆగి, "ఎక్కడ తగ్గాయో, ఎందుకు తగ్గాయో ముందు చూడాలి కదండీ" అని ఊరుకున్నారు. నేను ఆయన కాగితం మీద నిర్ణయశక్తికి పదికి 9 వేశాను. ఆవిడ కాగితం మీద 4 వేసి, పక్కన "తటపటాయింపు" అని రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

పాలకవర్గం నాకంటే సూటిగా తేల్చింది. "కలెక్టరు గారిలా ఉన్నాడు" అన్నారు ఒక డైరెక్టరు. మిగతావాళ్లు తలలూపారు. 12 మంది ఆడవాళ్లు, అందరూ ఎవరి సంసారాన్ని వాళ్లే లాక్కొస్తున్నవాళ్లు. అయినా నాయకుడు అనగానే వాళ్ల మనసులో మెదిలిన బొమ్మకు మీసం, గట్టి గొంతు ఉన్నాయి. నా ఫారంలో ఉన్నదీ అదే బొమ్మ, కాకపోతే గడులు గీసి ఉంది.

ఇక్కడ నేను తెలియక చేశానని చెప్పుకోలేను. నాయకత్వ లక్షణాల చర్చ ఎటు నడిచిందో చదివినవాణ్నే. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే పరిశోధకుడు అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన 124 అధ్యయనాలను ముందేసుకుని, కొన్ని లక్షణాలు మూటగట్టుకుని ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులు కారని తేల్చాడు. ఆ లక్షణాలు చుట్టూ ఉన్న మనుషులకూ పనికీ అతకాలన్నాడు. 1986లో రాబర్ట్ లార్డ్, ఆయన సహచరులు పాత లెక్కలను తిరగతోడి ఇంకో మెలిక చూపించారు. లక్షణాలకూ నాయకత్వానికీ గట్టి సంబంధం కనబడుతున్న మాట నిజమే కానీ, అక్కడ కొలిచినది ఎక్కువగా ఎదుటివాళ్ల కంటికి ఎవరు నాయకుడిగా కనబడతారన్నది. పని బాగా చేయించగలగడం వేరే సంగతి. తెలివి, ఎదుటివాళ్లపై పైచేయి చూపే స్వభావం, మగటిమి అనిపించే పోకడ, ఇవి కంటికి ఆనే లక్షణాలు.

2002లో తిమోతి జడ్జ్ బృందం వేసిన లెక్క నాకు మరీ దగ్గరగా తగలాల్సింది. వ్యక్తిత్వపు ఐదు పెద్ద కోణాలను తీసుకుని, నాయకుడిగా పైకి తేలడంతో ఎంత సంబంధం, నాయకుడిగా పని బాగా నడపడంతో ఎంత సంబంధం అని విడివిడిగా చూశారు. నలుగురిలో చొచ్చుకుపోయే స్వభావానికి పైకి తేలడంతో సహసంబంధం (సున్నా అంటే సంబంధం లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.33, పని నడపడంతో 0.24. నలుగురితో సర్దుకుపోయే స్వభావానికి పైకి తేలడంతో 0.05, అంటే దాదాపు సున్నా. పని నడపడంతో మాత్రం 0.21. ఇంటర్వ్యూ గదిలో కనిపించని లక్షణం ఒకటి, గది బయట దాదాపు మొదటిదానితో సమానంగా పనికొస్తోందన్నమాట. ఇవి చిన్న సంబంధాలే, ఒక మనిషిని వీటితో తూచలేం. కానీ నా ఫారంలో ఆ రెండో లక్షణానికి అసలు గడే లేదు.

చదివిన విషయం చేతికి ఎందుకు రాలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాను. ఎంపిక రోజున పాలకవర్గానికి కావలసింది ధీమా. ధీమాగా మాట్లాడేవాణ్ని చూపిస్తే నా పని కూడా ధీమాగా కనిపిస్తుంది. అంతకంటే గొప్ప కారణమేదీ దొరకలేదు.

ఎనిమిది నెలల తర్వాత

ఏప్రిల్‌లో అధ్యక్షురాలు ఫోను చేశారు. "పాలు విరుగుతున్నాయి సార్. మనసులు కూడా విరుగుతున్నాయి. ఒకసారి రండి."

వెళ్లి చూస్తే లెక్క ఇదీ: అంతకుముందు ఎండాకాలంలో నెలకు ఒకటి రెండుసార్లు ట్యాంకర్‌లోని పాలు ప్రధాన కేంద్రం దగ్గర పరీక్షలో తప్పేవి. ఇప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు తప్పుతున్నాయి. ఇద్దరు ఆపరేటర్లు ఉద్యోగం మానేశారు. మరో పక్క, కొత్తగా ఆరు గ్రామాలు సంఘంలో చేరాయి. పది రోజులకోసారి రైతులకు ఇచ్చే పాల బిల్లులు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. అంటే మేనేజర్ చేతకానివాడు కాదు. అలాగని తీసిపారేస్తే కేసు తేలికైపోయేది.

మేనేజర్ తన వాదన నిజాయితీగానే చెప్పారు: "వీళ్లకు బాధ్యత లేదు సార్. నేను వెంటపడకపోతే ఏదీ కదలదు." సిబ్బంది వాదన ఏమిటో ఎవరూ చెప్పలేదు. "బానే ఉంది సార్" అన్నారు అందరూ. ఒక సంస్థలో పదిహేను మంది ఒకే మాట ఒకే గొంతుతో చెబితే నాకు భయం వేస్తుంది.

మొదటి రెండు ప్రయత్నాలు

ముందుగా ఆయన ప్రవర్తన గురించి సిబ్బంది పేర్లు లేకుండా రాసి ఇచ్చేలా కాగితాలు పంచాను. పేరు లేకపోతే ధైర్యంగా రాస్తారన్నది నా అంచనా. అన్ని కాగితాల్లోనూ పూర్తి మార్కులు వచ్చాయి. ఒక కేంద్రం నుంచి వచ్చిన నాలుగు కాగితాల్లో చేతిరాత ఒక్కటే. ఆలోచిస్తే తప్పు వాళ్లది కాదు. ముగ్గురో నలుగురో పనిచేసే చోట పేరు లేని కాగితమంటూ ఉండదు. ఇంక్రిమెంటు, బదిలీ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లకు తెలుసు. నగరంలోని పెద్ద ఆఫీసుల కోసం పుట్టిన పనిముట్టును బల్క్ కూలర్ గదిలోకి తీసుకువెళ్లాను.

రెండోది, ఆయన నడవడిక మార్చే ప్రయత్నం. పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని మార్చలేకపోయినా నడవడికను నేర్పవచ్చన్నది, లక్షణాలే నాయకుణ్ని చేస్తాయనే సిద్ధాంతం వెనక్కి తగ్గాక వచ్చిన ఆలోచన. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాయకుల నడవడికను రెండు పాయలుగా విడదీశారు: పనిని పద్ధతిగా పేర్చడం, మనుషుల బాగోగులు పట్టించుకోవడం. మొదటి పాయ ఆయనకు నిండుగా ఉంది కాబట్టి రెండోది నేర్పితే చాలనుకున్నాను. రెండు రోజులు కూర్చున్నాం. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నారు. మరుసటి వారం నుంచి ప్రతి ఫోనూ "పిల్లలు ఎలా ఉన్నారు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టి, ఆ వెంటనే పాత ధోరణిలోకి వెళ్లేవారు. నెల తిరక్కుండానే సిబ్బందిలో ఒక మాట పుట్టింది: "పిల్లల గురించి అడిగారంటే మెమో వస్తున్నట్టే." ఇంటికొచ్చాక చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వు అయ్యాక నా బిల్లు సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

అనుకోకుండా వచ్చిన మూడో పరీక్ష

మే నెలలో మేనేజర్ తండ్రికి జబ్బు చేసింది. ఆయన ఆరు వారాలు సెలవు పెట్టారు. ఇన్‌చార్జిగా ఎవరిని పెట్టాలని పాలకవర్గం అడిగితే నేను పర్యవేక్షకురాలి పేరు చెప్పాను. పదికి 4 వేసిన చెయ్యే ఇప్పుడు ఆవిడ వైపు చూపించింది. నిజం చెప్పాలంటే, అప్పటికి నేను అవతలి కొసకు ఊగిపోయాను. నెమ్మదస్తులే అసలైన నాయకులని ఒక వ్యాసం రాసుకునేంత ఉత్సాహం మీద ఉన్నాను.

ఆ ఆరు వారాల్లో, మండే ఎండల్లో, పాలు విరగడం తగ్గింది. అదే ఆరు వారాల్లో పక్క మండలంలోని ఒక ప్రైవేటు డెయిరీ లీటరుకు రెండు రూపాయలు పెంచి ఊరూరా సభలు పెట్టింది. మన గ్రామాలు ఏడు అటు వెళ్లిపోయాయి. ఊళ్లలోకి వెళ్లి మాట్లాడమంటే ఆవిడ వెళ్లలేదు. "నాకు సభలో మాట్లాడటం రాదండీ, నేను వెళ్తే ఉన్నవాళ్లు కూడా పోతారు" అన్నారు. ఇంకొకటి కూడా జరిగింది. ఒక డైరెక్టరు గారి మరిది నడిపే ఆటో రోజూ ముప్పావు గంట ఆలస్యంగా వస్తోంది. ఆవిడ దాన్ని రిజిస్టరులో రాశారు కానీ ఆటో మార్చాలని డైరెక్టరుతో అనలేకపోయారు.

నేను రాయబోయిన వ్యాసం అక్కడితో ఆగింది. ఒక లక్షణాల జాబితా తప్పని తేలితే దాన్ని తిరగేసి రాసుకోవడం కూడా జాబితా రాయడమే.

తెల్లవారుజామున కూలర్ గదిలో

అప్పటివరకు నేను చేయని పని ఒకటి మిగిలింది: పాలు విరుగుతున్న చోటికి వెళ్లి కూర్చోవడం. వారం రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకే కూలర్ల దగ్గరికి వెళ్లాను.

మూడో రోజు ఉష్ణోగ్రత రిజిస్టరు తిరగేస్తుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రతి గడిలోనూ 4 అని ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు. కరెంటు ఆఫీసు వాళ్లు రెండు గంటలు కోత పెట్టిన రోజున కూడా 4. మేనేజర్ సెలవులో ఉన్న వారాలకు వచ్చేసరికి అంకెలకు ప్రాణం వచ్చింది: 4, 6, 5, 11, దాని పక్కన "డీజిల్ తెచ్చాము", మళ్లీ 5.

ఆపరేటర్‌ను ఏమీ అడగలేదు. టీ తాగుతూ ఆయనే చెప్పారు. కొత్త మేనేజర్ వచ్చిన మొదటి నెలలో ఒకతను ఫోను చేసి, 11 డిగ్రీల దగ్గర ఆగిపోయింది సార్ అన్నాడట. మేనేజర్ ఫోను స్పీకర్‌లో ఉంది, చుట్టూ పది మంది ఉన్నారు. "నాకు సాకులు వద్దు, నాలుగు కావాలి" అన్నారట. "నాలుగు కావాలన్నారు, నాలుగు ఇస్తున్నాం" అన్నారు ఆపరేటర్, టీ గ్లాసు కింద పెడుతూ.

మేనేజర్ క్రూరుడు కాదు. ఆయన పెరిగిన అమ్మకాల లోకంలో చెడ్డవార్త అంటే సాకు. అక్కడ దాన్ని తోసిపారేసి ముందుకెళ్లినవాడే గెలుస్తాడు. డెయిరీలో చెడ్డవార్తే సరుకు. అది అరగంట ముందు వస్తే ఒక కూలర్ పాలు పోతాయి, రాకపోతే ట్యాంకర్ పోతుంది. నేను 9 మార్కులు వేసిన నిర్ణయశక్తి, ఇంటర్వ్యూ గదిలో ప్రశ్నను మింగేసినట్టే ఇక్కడ ఫోన్లను మింగేసింది. లక్షణం ఒక్కటే, మనిషి ఒక్కడే. మారినది ఆ లక్షణం ఎదురుపడిన పని.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల మీద చేసిన పని గుర్తొచ్చింది. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని చూడబోతే, వాటిలోనే ఎక్కువగా నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నాయని అర్థం కాదు. చేసినవాటిని దాచడం లేదు, అంతే.

పనిచేసినవి

ఇప్పుడు ఎంచుకోవలసిన దారులు రెండు. మేనేజర్‌ను మార్చమని చెప్పడం, లేదా పనిని వేరేగా పంచడం. మొదటిది వద్దనుకున్నాను. ఆయన్ను పంపేస్తే ఏడు గ్రామాలను వెనక్కి తెచ్చే గొంతు సంఘానికి ఉండదు. పైగా ఇంకోసారి ఎంపిక చేసేది నేనే. నాయకత్వం మీద పరిశోధన చేసిన ఫ్రెడ్ ఫీడ్లర్ 1960లలోనే నాయకుడి తీరును మార్చడం కంటే అతని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చడం తేలికన్నాడు. చదువుకునే రోజుల్లో అది ఓటమి ఒప్పుకున్నట్టు అనిపించింది. రెండు రోజుల శిక్షణ, ఒక జోకు తర్వాత అనుభవం మాటలా వినిపించింది.

ఉష్ణోగ్రత ఫోన్లు మేనేజర్‌కు వెళ్లకుండా చేశాం. ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఏడున్నరకు ఆపరేటర్లు పర్యవేక్షకురాలికి చెబుతారు. అనుమానం వస్తే ట్యాంకర్‌ను ఆపి, ఆ కూలర్ పాలను విడిగా పంపే అధికారం ఆవిడది. ఎవరినీ అడగనక్కరలేదు. దీన్ని పాలకవర్గం తీర్మానంగా రాయించాను. నోటిమాటగా వదిలేస్తే మొదటి గొడవకే కొట్టుకుపోతుంది. సభలో మాట్లాడలేని ఆవిడ ఆ తీర్మానం వచ్చిన వారానికే, డ్రైవరు అరుస్తున్నా, ట్యాంకర్‌ను నలభై నిమిషాలు నిలబెట్టారు. డ్రైవరు చివరికి తగ్గాడు. నాయకుడు తనవాళ్ల దగ్గర నమ్మకాన్ని కొంచెం కొంచెంగా పొదుపు చేసుకుని, అవసరమైనప్పుడు ఖర్చుపెడతాడని 1958లో ఎడ్విన్ హాలండర్ అన్నాడు. ఆవిడకు 11 ఏళ్ల పొదుపు ఉంది. మేనేజర్ ఖాతా తెరిచిన నెలలోనే అప్పు తీసుకున్నారు.

సోమవారం సమీక్షలో మేనేజర్ చివర మాట్లాడాలని అనుకున్నాం. మూడు వారాలు ఆయన వల్ల కాలేదు. ఆపుకోలేకపోయేవారు, పాపం, ఆ ఇబ్బంది ముఖంలో తెలిసేది. నాలుగో వారం సమావేశపు మినిట్స్ రాసే పని ఆయనకే అప్పగించాను. రాస్తున్న మనిషి మాట్లాడలేడు. ఎదుటివాళ్లు చెప్పింది సరిగా రాయాలంటే వినక తప్పదు. వినండి అని చెప్పడం కంటే చేతిలో పెన్ను పెట్టడం బాగా పనిచేసింది.

అసలు మలుపు మాత్రం నా ఆలోచన కాదు. ఆరో వారం సమీక్షలో, రాస్తున్న పుస్తకం మూసి, మేనేజర్ అన్నారు: "మూడో కూలర్ కంప్రెసర్ సర్వీసు బిల్లు ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చింది. ఖర్చు ఎక్కువని నేనే ఆపాను. మార్చిలో విరిగిన పాలలో కొంత నా వల్లే." గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత ఒక ఆపరేటర్ తన రిజిస్టరు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయనలో ఈ లక్షణం ఉందని నాకు ఏ ఫారమూ చెప్పలేదు. ముందు నుంచీ ఉందో, కూలర్ గది నేర్పిందో కూడా తేల్చి చెప్పలేను.

ఊళ్ల సభలు మాత్రం పూర్తిగా ఆయనకే వదిలేశాం. రచ్చబండ దగ్గర ఆ గొంతు, ఆ ధీమా చూడవలసిందే. ప్రైవేటు డెయిరీ ఎండాకాలంలో పెంచిన ధరను చలికాలంలో ఏమి చేస్తుందో లెక్క వేసి చూపించారు. ఏడు గ్రామాల్లో నాలుగు వెనక్కి వచ్చాయి.

ఫలితం, దాని హద్దులు

జూలైకి పాలు విరగడం బాగా తగ్గింది. దాన్ని నా ఘనతగా చెప్పుకోను. వానలు పడ్డాయి, గాలి చల్లబడింది, కంప్రెసర్ సర్వీసు కూడా అయింది. తర్వాతి ఎండాకాలం దాకా ఆగి చూస్తే వారానికి ఒకటి రెండుసార్లు పోయే ట్యాంకరు నెలకు ఒకటికి వచ్చింది. పాత మేనేజర్ రోజుల స్థాయి అదే. "ఉండేవారు సార్" అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఏదైనా చెప్పాలంటే ఆయన అక్కడ ఉండేవారు.

ఒక లెక్క మాత్రం పెరిగింది. రిజిస్టరులో ఒక్క నెలలోనే ఉష్ణోగ్రత తేడాలు 23 నమోదయ్యాయి. అధ్యక్షురాలు కంగారుపడ్డారు. "ఇన్ని తప్పులా సార్? ఇదివరకు ఒక్కటీ లేదు కదా!" ఆమెకు పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూపించాను. రెండు పేజీలు తిప్పి, "అన్నీ నాలుగులే" అని నెమ్మదిగా అన్నారు.

నా పనిలో మారినవి

లక్షణాలు లెక్కలోకి రావనే పక్షంలో నేను చేరలేదు. స్టాగ్‌డిల్ కూడా 1974 నాటికి, పరిస్థితితో పాటు లక్షణాలకూ పాత్ర ఉందని ఒప్పుకున్నాడు. ఈ కేసులో ఇద్దరి స్వభావాలూ ఫలితాన్ని మార్చాయి. ఒకరి నెమ్మదితనం లేకపోతే ఆపరేటర్లు నోరు విప్పేవాళ్లు కాదు, ఇంకొకరి గొంతు లేకపోతే ఊళ్లు వెనక్కి వచ్చేవి కావు. నేను మానేసింది, ఆ స్వభావాలను ఒకే కాగితం మీద కూడి మొత్తం వేయడం. మాటతీరులో 9, వినడంలో 2 వచ్చిన మనిషికి సగటున అయిదున్నర రాదు. అతను ఒక చోట 9, ఇంకో చోట 2, అంతే.

ఇప్పుడు అభ్యర్థిని ఇంటర్వ్యూకు ముందు ఒక ఉదయం కూలర్ గదిలో ఉంచుతాను. ఉష్ణోగ్రత రిజిస్టరు చేతికిచ్చి, ఏమి అడుగుతారో, ఎవరిని అడుగుతారో రాసుకుంటాను. చెప్పే వాక్యాలు ఎన్ని, అడిగే ప్రశ్నలు ఎన్ని అని కూడా లెక్కపెడతాను. దీనికీ లోపాలున్నాయి: డెయిరీలో పుట్టి పెరిగినవాళ్లకు అనుకూలం, బయటి నుంచి వచ్చేవాళ్లకు కష్టం. దాన్ని ఎలా సరిచేయాలో ఇంకా చూస్తున్నాను.

పర్యవేక్షకురాలికి డిప్యూటీ మేనేజర్ హోదా ఇవ్వాలని నేను సిఫారసు చేశాను. ఆవిడ వద్దన్నారు. "హోదా వద్దండీ. పొద్దున్నే ఐదు కూలర్లు తిరుగుతున్నాను, పెట్రోలు ఖర్చు ఇప్పించండి" అన్నారు. అది మంజూరు కావడానికి పాలకవర్గానికి నాలుగు నెలలు పట్టింది. డైరెక్టరు గారి మరిది ఆటో ఇప్పటికీ ముప్పావు గంట ఆలస్యంగానే వస్తోంది.